దిగులు వేరు, గుబులు వేరు

మా అనంతపురంలో ఎవరిని కదిలించినా ముందుగా వినిపించే మాట టెన్షన్. వాన రాకపోయినా టెన్షనే, కూతురికి పెళ్లి కుదిరినా టెన్షనే, బ్యాంకులో పంట రుణం రెన్యువల్ తేదీ దగ్గరపడినా టెన్షనే, ఆదివారం సాయంత్రం ఏ కారణమూ లేకుండా మనసు బరువెక్కినా టెన్షనే. ఈ మాట మా పల్లెల్లోకి మొదట కరెంటు తీగల మీదుగా వచ్చిందని నా అనుమానం. చేల మీదుగా పోయే పెద్ద లైనును హైటెన్షన్ తీగలనేవాళ్లు, దాని కిందికి పోవద్దని పిల్లలను హెచ్చరించేవాళ్లు. ఆ తర్వాత ఎప్పుడో ఆ మాట తీగల నుంచి మనుషుల్లోకి దిగింది. నేను కూడా దాదాపు ఇరవై ఏళ్లు ఆ ఒక్క మాటతోనే నెట్టుకొచ్చాను. అది సరిపోదని నాకు మొదట చెప్పినవాడు ఒక వైద్యుడు. ఎందుకు సరిపోదో అర్థమయ్యేలా చెప్పింది మాత్రం మా అమ్మ.

నేను పల్లె ప్రాంతపు బ్యాంకు శాఖలో పనిచేస్తాను. మూడేళ్ల కిందట జూలైలో, పంట రుణాల రెన్యువల్ రద్దీ ఉచ్ఛస్థితిలో ఉన్న ఒక మధ్యాహ్నం, కౌంటరు అవతల పట్టాదారు పాసుపుస్తకాలు పట్టుకుని జనం నిలబడి ఉండగా, కంప్యూటరు మొరాయించి, పై ఆఫీసు నుంచి మూడోసారి ఫోను మోగిన క్షణాన నా గుండె దడదడలాడింది. చేతులు చల్లబడ్డాయి, గొంతు ఎండిపోయింది, ఎంత పీల్చినా ఊపిరి చాలలేదు. తోటి ఉద్యోగులు గ్యాస్ అని తీర్మానించి సోడా తెప్పించారు. ఛాతీలో ఏం జరిగినా గ్యాస్ అనే ఈ అలవాటు మా ప్రాంతంలో ఎందరి ప్రాణాల మీదికి తెచ్చిందో నాకు తెలుసు కాబట్టి, ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి: ఛాతీ నొప్పి, దడ, ఆయాసం వచ్చినప్పుడు అది గ్యాసో టెన్షనో మనంతట మనం నిర్ణయించుకోకూడదు. ముందు ఈసీజీ తీయించుకోవాలి, మిగతా వేదాంతమంతా ఆ తర్వాతే. నా ఈసీజీ బాగానే ఉంది. రక్తపోటు మాత్రం 152/98 చూపించింది.

ఆ వైద్యుడు అడగవలసిన ప్రశ్నే అడిగాడు. ఏమైనా టెన్షన్లు ఉన్నాయా అన్నాడు. ఉన్నాయన్నాను. ఎలాంటివన్నాడు. టెన్షనే సార్, ఎలాంటిదంటే ఏం చెప్తాను అన్నాను. ఆయన నవ్వలేదు. కడుపు నొప్పి అని వచ్చినవాడిని ఎక్కడ, ఎప్పుడు, తిన్న తర్వాతా ముందా అని అడగకుండా మందు రాయలేను కదా, ఇదీ అంతే అన్నాడు. రక్తపోటును ఒక్కసారి చూసి తేల్చేది లేదు, వారంలో మరో రెండుసార్లు చూపించుకోమని, ఈలోగా ఏది ఎప్పుడు ఎలా అనిపించిందో కాగితం మీద రాసుకు రమ్మని పంపేశాడు.

ఆ శనివారం కళ్యాణదుర్గం రోడ్డులోని మా ఊరికి వెళ్లి, ఖాళీ కాగితం ముందు పెట్టుకుని వసారాలో కూర్చున్నాను. ఏం రాస్తున్నావని అమ్మ అడిగింది. చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూనే, నీది గుబులురా, మీ నాయనది మనేద, రెండూ ఒకటెట్లయితాయి అంది. చదువుకున్న నాకు వారం గడువు పడిన ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది.

మా అమ్మ వాడుకలో గుబులంటే రాబోయేదాన్ని తలుచుకుని గుండెలో కలిగే అలజడి. దిగులు జరిగిపోయినదాని బరువు. బెంగ ఒక మనిషి కోసమో ఒక చోటు కోసమో పడేది, హాస్టల్లో వేసిన పిల్లలకు వచ్చేది అదే. యాష్ట చేసిన పనే చేసీ చేసీ, విన్న మాటే వినీ వినీ ఒళ్లు విరక్తితో మండడం. మనేద మాత్రం వీటన్నిటికంటే లోతైనది. ఎవరికీ చెప్పుకోకుండా లోపల పెట్టుకున్న దిగులు ఏళ్లు గడిచి మనిషిలో స్థిరపడితే దాన్ని మనేద అంటుంది. మనేద పెట్టుకున్న మనిషి తింటాడు, పని చేస్తాడు, పలకరిస్తే పలుకుతాడు, కానీ మనిషి అక్కడ ఉండడు. ఈ మాటలన్నిటినీ ఊడ్చి పక్కన పడేసి వాటి చోట మనం టెన్షన్ అనే ఒక్క మాటను కూర్చోబెట్టాం. ఇది భాషాభిమానంతో అంటున్న మాట కాదు. పేరు పోయినప్పుడు దానితో పాటు మందు కూడా పోయిందన్నది నా బాధ.

పేరు పెట్టడానికి విలువ ఉందని మెదడును పరిశీలించినవాళ్లు కూడా చూపించారు. 2007లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్మన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొందరికి కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాల బొమ్మలు చూపించి, మెదడు స్కానింగు తీశారు. ఆ ముఖంలోని భావానికి సరైన మాటను ఎంచుకున్నప్పుడు, మెదడులో భయానికి స్పందించే అమిగ్డాలా అనే భాగం చురుకుదనం తగ్గింది. ఆ ముఖానికి మనిషి పేరు ఎంచుకోమన్నప్పుడు అలా తగ్గలేదు. అంటే ఉద్వేగానికి పేరు పెట్టడం ఉత్త వర్ణన కాదు, కొంతవరకు వైద్యమే. అన్నిటికీ ఒకే పేరు పెడితే ఆ మేలు దక్కుతుందా అన్నది నా సందేహం.

ఇక గుబులు సంగతి. ఒకప్పుడు మా పల్లెలకు త్రీఫేజ్ కరెంటు రాత్రిళ్లు ఇచ్చేవాళ్లు. రెండో జాములో మోటారు వేయడానికి టార్చిలైటు పట్టుకుని వెళ్లిన రైతు కాళ్ల ముందు రక్తపింజరి కనిపిస్తే ఏమవుతుందో ఊహించండి. అది పామో తాడో ఆలోచన తేల్చుకునేలోపే మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ హెచ్చరిక పంపుతుంది, మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి తీస్తుంది, రక్తం జీర్ణకోశం నుంచి కండరాలకు మళ్లుతుంది, నోరు ఎండిపోతుంది. వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త దీన్ని ఎదిరించడానికో పారిపోవడానికో శరీరం చేసుకునే సన్నాహంగా 1915లోనే వివరించాడు. అడ్రినలిన్ వెనకే, మరికొన్ని నిమిషాల్లో, కార్టిసాల్ అనే మరో హార్మోను వచ్చి ఆ సన్నాహాన్ని నిలబెడుతుంది. పాము పొదలోకి పోయాక కాసేపటికి రైతు గుండె కుదుటపడుతుంది, మరుసటి రోజు రచ్చబండ దగ్గర ఆ కథే రెండింతలు పెద్దదై వినోదమవుతుంది.

నా కౌంటరు దగ్గర జరిగిందీ అచ్చంగా ఇదే. తేడా అల్లా, అక్కడ పాము లేదు, పారిపోయే దారీ లేదు, పై ఆఫీసు నుంచి వచ్చే ఫోను పొదలోకి పోదు. కండరాలకు పంపిన చక్కెర ఖర్చు కాలేదు, పెరిగిన రక్తపోటుకు పని దొరకలేదు. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి చెప్పింది ఈ స్థితి గురించే. చలి, గాయం, మితిమీరిన శ్రమ, విషం, ఏది పెట్టినా ఎలుకల శరీరం ఇంచుమించు ఒకే రకంగా స్పందించింది: మొదట అదిరిపడింది, తర్వాత తట్టుకుని నిలబడింది, బాధ ఆగకపోతే చివరికి సత్తువ ఉడిగి కూలిపోయింది. ఇంజనీర్లు వంతెనల గురించి, ఇనుప దూలాల గురించి మాట్లాడేటప్పుడు వాడే స్ట్రెస్ అనే మాటను మనుషులకు వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. తెలుగులో దాన్ని ఒత్తిడి అన్నాం. మాట మంచిదే గానీ, అందులో బయటి నుంచి నొక్కే చేయి మాత్రమే కనిపిస్తుంది, లోపల నలిగేది ఎలాంటిదో కనిపించదు.

ఆ లోపలి సంగతిని తేటతెల్లం చేసిన ప్రయోగాన్ని 1970 ప్రాంతంలో జే వైస్ అనే అమెరికా శాస్త్రవేత్త చేశాడు. రెండు ఎలుకల తోకలకు ఒకే పాటి కరెంటు షాకు ఇచ్చారు. ఒకదానికి మాత్రం షాకుకు ముందు ఒక శబ్దం వినిపించేవాళ్లు, రెండోదానికి హెచ్చరిక లేదు. బాధ ఇద్దరిదీ సమానమే అయినా, హెచ్చరిక లేని ఎలుక కడుపులో పుండ్లు చాలా ఎక్కువగా వచ్చాయి. మరో ప్రయోగంలో, చక్రం తిప్పి షాకును ఆపుకోగల ఎలుక కంటే, అవే షాకులను ఏమీ చేయలేక భరించిన ఎలుకకు ఎక్కువ హాని జరిగింది. కడుపు పుండ్లన్నీ ఆందోళన వల్లే వస్తాయని దీన్నిబట్టి అనుకోకూడదు. మనుషుల్లో వాటికి పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి అని కనిపెట్టినందుకు మార్షల్, వారెన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా వైద్యులకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి నెలల తరబడి కడుపు మంట ఉన్నవాళ్లు మనశ్శాంతి కోసం వెతికేముందు పరీక్ష చేయించుకోవడం మేలు. వైస్ ఎలుకలు నాకు నేర్పింది వేరే సంగతి. దెబ్బ ఎంత పెద్దదన్నది ఒక ఎత్తు, అది ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం, తెలిసినా చేతిలో ఏమీ లేకపోవడం మరొక ఎత్తు.

ఈ రెండో ఎలుక మా జిల్లాలోనే పుట్టి ఉంటుందని నాకు అనిపించింది. అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ముందే పిండేస్తాయి, ఈశాన్యం వానలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. అయినా కరువును మా రైతు ఎప్పటి నుంచో ఎరుగు, దానికి ఒక రకంగా సిద్ధపడే ఉంటాడు. అతన్ని తినేది సగటు కాదు, వాన వచ్చే తేదీ. జూన్‌లో పదును అయితే శెనక్కాయ విత్తుతాడు. కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన కదిరి-6 రకమైతే దాదాపు నాలుగు నెలల పంట. విత్తిన నలభై నలభై అయిదు రోజులకు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే సమయంలో వాన ముఖం చాటేస్తే, ఆ తర్వాత ఎంత కురిసినా పోయిన కాయ తిరిగి రాదు. ఆ పది పదిహేను రోజులు ఆకాశం వైపు చూసే మనిషికి వాన వస్తుందనీ తెలియదు, రాదనీ తెలియదు. రాదని ఖాయంగా తెలిస్తే మేకలనైనా తోలేస్తాడు. హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికా మనోవైద్యులు 1967లో జీవితంలోని 43 సంఘటనలకు మార్కులు వేసి ఒక పట్టిక తయారుచేశారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్లికి 50, ఉద్యోగ విరమణకు 45, చివరికి క్రిస్మస్ పండుగకు కూడా 12 మార్కులున్నాయి. వానకు మార్కుల్లేవు. వాళ్లు సియాటిల్‌లో ఉండేవాళ్లు, అక్కడ వాన కోసం ఎదురుచూసే అవసరం ఎవరికీ ఉండదు లెండి.

గుబులుకు మందు ఈ ఎలుకల కథలోనే ఉంది. అనిశ్చితిని పూర్తిగా తీసేయలేం, కానీ దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, తెలిసిన ముక్కలను తెలియనివాటి నుంచి వేరు చేయవచ్చు. వైద్యుడు చెప్పిన కాగితం మీద నేను రాసుకున్నది చివరికి ఇదే అయింది. పై ఆఫీసు ఫోను ఎప్పుడు వస్తుందో నా చేతిలో లేదు, కానీ నేనే రోజూ పదకొండు గంటలకు లెక్క పంపిస్తే ఆ ఫోనులో సగం ఆగిపోతుంది. పంపించాను, ఆగిపోయింది. కంప్యూటరు ఎప్పుడు మొరాయిస్తుందో నా చేతిలో లేదు, కానీ రోజుకు ఇంతమందికే అని ముందు రోజే చీటీలు ఇస్తే కౌంటరు అవతల నిలబడినవాళ్ల గుబులు, ఇవతల నా గుబులు రెండూ తగ్గుతాయి. ఇందుకు మేనేజరును ఒప్పించడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులు వేరే గుబులు.

రాత్రిళ్లు మంచం మీద వాలగానే మొదలయ్యే ఆలోచనల గొలుసుకు మరో పద్ధతి ఉపయోగపడింది. 1983లో థామస్ బోర్కొవెక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆందోళనపరులకు ఒక వింత సలహా ఇచ్చి పరీక్షించారు: ఆందోళన పడవద్దని చెప్పలేదు, రోజూ ఒకే చోట, ఒకే వేళకు, అరగంట పాటు శ్రద్ధగా ఆందోళన పడమన్నారు, మిగతా సమయంలో ఏది తలపుకొచ్చినా ఆ అరగంటకు వాయిదా వేయమన్నారు. అలా చేసినవాళ్లకు రోజు మొత్తం మీద ఆందోళన తగ్గింది. నేను సాయంత్రం ఆరింటికి మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునేవాణ్ని. మొదటి వారం అరగంట చాలలేదు. మూడో వారానికి వచ్చేసరికి పది నిమిషాల్లో సరుకు అయిపోయి, మిగతా ఇరవై నిమిషాలు పిచ్చుకలను చూస్తూ కూర్చునే స్థితికి వచ్చాను. బంధువులు ఇచ్చే సలహాకు ఇది సరిగ్గా తలకిందులు. టెన్షన్ పడొద్దు అని చెప్పడం కంటే సులభమైన పని, అంతకంటే పనికిరాని పని నాకు తెలిసి మరొకటి లేదు.

దడ మొదలైన ఆ క్షణంలో ఏం చేయాలన్నదానికి శరీరమే ఒక తాళంచెవి ఇచ్చింది. మన గుండె వేగాన్ని మన ఇష్టం వచ్చినట్లు మార్చలేం, ఊపిరిని మార్చగలం, ఊపిరి గుండెను మారుస్తుంది. గాలి లోపలికి తీసుకున్నప్పుడు గుండె కొద్దిగా వేగం అందుకుంటుంది, వదిలినప్పుడు వేగస్ అనే నాడి ద్వారా నెమ్మదిస్తుంది. అందువల్ల నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదిలితే, అంటే నిమిషానికి ఆరు శ్వాసలు వచ్చేలా అయిదు నిమిషాలు చేస్తే, దడ దిగివస్తుంది. కౌంటరులో కూర్చుని కూడా ఎవరికీ తెలియకుండా చేయవచ్చు. చాలామంది గట్టిగా, లోతుగా, గబగబా ఊపిరి పీలుస్తారు. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం మొదలై భయం రెట్టింపవుతుంది. ఆ మధ్యాహ్నం నేను చేసిన తప్పు అదే.

టీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తాగిన టీలోని కెఫీన్‌లో సగం దాదాపు అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. బ్యాంకులో సాయంత్రం అయిదింటికి తాగే ఆ టీ రాత్రి పదింటికి మంచం మీద నా పక్కనే పడుకునేది. నడక విషయం అందరూ చెప్పేదే, వారానికి 150 నిమిషాలు, దానికి మరో మాట లేదు.

గుబులు వేరు, పని ఒత్తిడి వేరు. పని ఎక్కువై వచ్చే ఒత్తిడికి ఊపిరి కసరత్తులు చెప్పడం, పగిలిన కుండకు ముగ్గు వేయడం లాంటిది. అక్కడ బరువు తగ్గాలి, లేదా ఆ బరువును ఎలా మోయాలో నిర్ణయించుకునే చోటు మనిషికి ఉండాలి. బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో, గుండె జబ్బుతో మరణించే ప్రమాదం అందరికంటే కింది శ్రేణి వాళ్లలో పై అధికారుల కంటే దాదాపు మూడు రెట్లు కనిపించింది. పొగతాగడం వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. పెద్ద కుర్చీలో ఉన్నవాడికే పెద్ద టెన్షన్ అని మనం అనుకుంటాం. మా శాఖలో మేనేజరు కంటే ముందు షుగరు, బీపీ రెండూ తెచ్చుకున్నవాడు మా అటెండరు. అతనికి పని ఎక్కువ, ఆ పనిలో తన మాట చెల్లే చోటు ఒక్కటీ లేదు. ఉద్యోగులకు ధ్యాన శిబిరాలు పెట్టే సంస్థలు ఈ సంగతిని కొంచెం పట్టించుకుంటే బాగుంటుంది.

అమ్మ చెప్పిన మనేద దగ్గరికి వెళ్లడానికి నాకు చాలా సమయం పట్టింది, ఎందుకంటే అది మా నాయనది.

మాకు ఎనిమిది ఎకరాల ఎర్రనేల. పదకొండేళ్ల కిందట నాయన ఒకే వేసవిలో మూడు బోర్లు వేయించాడు. మొదటి రెండూ దుమ్ము చిమ్మాయి. మూడోది తొమ్మిది వందల అడుగులు దాటాక కాస్త తడి చూపించి, రెండు నెలలకే ఆగిపోయింది. ఆ అప్పు మెల్లగా నా జీతంలో నుంచి తీరిపోయింది, అందువల్ల విషయం ముగిసిందని నేననుకున్నాను. ముగియలేదు. ఆ తర్వాత ఆయన బోరు అనే మాట ఎత్తలేదు, చేను వైపు పోయేటప్పుడు ఆ మూడు గుంతలున్న గట్టు మీదుగా కాకుండా చుట్టూ తిరిగి పోయేవాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, ఆవులతో మాట్లాడుకుంటూ కూర్చునేవాడు. అన్నం సగంలో లేచేవాడు. ఏమైంది నాయనా అంటే ఏం లేదు, ఎండకు ఆకలి కావడం లేదు అనేవాడు. మా ఇళ్లలో మగవాళ్ల బాధకు ఎండ చాలాకాలంగా మారుపేరుగా ఉంది.

తెల్లవారకముందే మెలకువ రావడం, ఆకలి చావడం, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, ఇవి రెండు వారాలకు మించి రోజూ ఉంటే దాన్ని వైద్యులు కుంగుబాటుగా అనుమానించి పరీక్షిస్తారు. కుంగుబాటు మన గుణదోషం కాదు, నయమయ్యే జబ్బు. మా నాయనకు అది ఏళ్లుగా ఉందని, పక్కనే ఉండి నాకు తెలియలేదు. ఆయన దాన్ని ఎప్పుడూ టెన్షన్ అనలేదు కాబట్టి నేను దాన్ని టెన్షన్ లెక్కలో కూడా వేయలేదు. ఆ మాటే లేకపోతే అమ్మ చెప్పిన మనేద నా చెవికి మొదటే ఎక్కి ఉండేదేమో.

ఈ జబ్బుల వైద్యాన్ని పల్లెకు తెచ్చే ప్రయత్నం మా పొరుగునే జరిగిందని ఎక్కువమందికి తెలియదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 1980ల నడుమ, మాకు గుంతకల్లు దాటగానే వచ్చే బళ్లారి జిల్లాలో, మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి మానసిక వైద్యం అందించి చూసింది. ఒకప్పుడు దత్త మండలాల్లో మాతో కలిసి ఉండి, 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసిన బళ్లారే అది. ఆ అనుభవాన్ని నమూనాగా తీసుకుని 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగపు ఓపీ ఉంటుంది. అక్కడికి వెళ్లినవాణ్ని పిచ్చివాడనుకుంటారన్న భయమే బస్సు చార్జీ కంటే పెద్ద ఖర్చు. నాయనను ఒప్పించడానికి నిద్ర మాత్రల కోసం అని చెప్పి తీసుకెళ్లాను. అది అబద్ధమే, దాన్ని సమర్థించుకోను. లోపలికి వెళ్లాక ఆయన నాతో పదకొండేళ్లలో చెప్పనిది ఆ డాక్టరమ్మకు ఇరవై నిమిషాల్లో చెప్పాడు. నేను తలుపు బయట ఉన్నాను.

చెప్పుకోవడం గురించి ఒక అధ్యయనాన్ని కొంచెం జాగ్రత్తతో చెప్పాలి. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, తమను లోలోపల కలచివేసిన సంఘటన గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా పాడైంది, కానీ తర్వాతి నెలల్లో ఆసుపత్రికి వెళ్లడం తగ్గింది. ఆ తర్వాత జరిగిన అనేక ప్రయోగాలను కలిపి చూస్తే ఆ మేలు ఉన్నది నిజమే గానీ చిన్నది. కాబట్టి రాసుకుంటే అన్నీ పోతాయని నేను చెప్పను. పాత మనేదకు కాగితం చాలదు, మనిషి కావాలి, కొన్నిసార్లు మందు కూడా కావాలి. నాయన మాత్రలు వాడాడు. మొదటి రెండు మూడు వారాలు ఏ తేడా కనిపించక మానేయబోయాడు. ఆ మాత్రలు పనిచేయడానికి అంత సమయం పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండటం వల్ల మానేయకుండా ఆపగలిగాం.

బతకాలనిపించడం లేదు అన్న మాట ఇంట్లో ఎవరి నోట విన్నా, ఏ రూపంలో విన్నా, దాన్ని మాట వరసకు తీసుకోకూడదు. చనిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగవచ్చు, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకూడదు. టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఎప్పుడైనా, రాత్రయినా పగలైనా, డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇది 2022 అక్టోబరు నుంచి ఉంది. పోలీసు కేసు అవుతుందన్న భయంతో దాచిపెట్టే కుటుంబాలను నేను చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స, పునరావాసం అందించాలి.

నా రక్తపోటు పోయిన నెల 132/84 ఉంది. చిన్న మాత్ర ఒకటి వేసుకుంటున్నాను, దాన్ని మానేస్తానని డాక్టరును అడగలేదు. నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునే అలవాటు పోలేదు. జూలై వస్తే దడ ఇప్పటికీ తలుపు దాకా వస్తుంది, అయితే దాని పేరు నాకు తెలుసు కాబట్టి ఎవరు నువ్వు అని అడిగే పని లేదు.

నాయన తనకు మనేద ఉండేదని ఈనాటికీ ఒప్పుకోడు. నిద్ర పట్టక ఆసుపత్రికి పోయానంటాడు. సాయంత్రాలు మాత్రం ఊరి బయట చెట్టు కింద ఆయన ఈడు వాళ్లు మరో ఇద్దరితో కూర్చుంటున్నాడు. పోయిన దసరాకు వెళ్లినప్పుడు పిలుచుకు రమ్మని అమ్మ నన్ను పంపింది. నేను దగ్గరికి వెళ్లేసరికి ఆయన మూడో బోరు కథ చెబుతున్నాడు: రిగ్గు లారీ ఎలా వచ్చింది, టెంకాయ పట్టుకుని నీటి జాడ చూసినవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఎన్ని అడుగుల దగ్గర దుమ్ము రంగు మారింది. వింటున్నవాళ్లలో ఒకాయన, నీది తొమ్మిది వందలేగా, నాది వెయ్యీ నూరు అన్నాడు. ముగ్గురూ నవ్వుతుంటే, అన్నానికి లేటవుతుందని చెప్పడానికి వచ్చినవాణ్ని, చెప్పకుండా నేనూ ఒక రాయి చూసుకుని కూర్చున్నాను.